కాంట్రాక్టరుకు అర్హత పరీక్ష సరే, పని ఇచ్చేవాడికో?

బెంగళూరులో ఏ పెద్ద పనికి టెండరు ఖరారైనా మన తెలుగువాళ్ల గ్రూపుల్లో మొదట వచ్చే ప్రశ్న ఒకటే: ఎవరికొచ్చింది? వెంటనే రెండోది: మనోళ్లేనా? ఈ ఊళ్లో ఫ్లైఓవర్ల దగ్గరా మెట్రో స్తంభాల దగ్గరా హైదరాబాద్ కంపెనీల బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి ఆ కుతూహలం సహజమే. మూడో ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. ఆ పని చేయడానికి కావాల్సిన జాగా, పని ఇచ్చేవాడి చేతిలో ఉందా?

సబర్బన్ రైలు గొడవంతా ఆ అడగని ప్రశ్నలోనే ఉంది. కథ అందరికీ తెలిసిందే. 148 కిలోమీటర్లు, నాలుగు కారిడార్లు, 15,767 కోట్లు. 2022 జూన్ 20న ప్రధాని శంకుస్థాపన చేసి 40 నెలలన్నారు. ఆ లెక్కన 2025 అక్టోబరుకు రైలు తిరగాలి. బెన్నిగానహళ్లి నుంచి చిక్కబాణావర దాకా 25 కిలోమీటర్ల ‘మల్లిగె’ మార్గం సివిల్ పనిని 2022 ఆగస్టులో 859.97 కోట్లకు ఎల్ అండ్ టీకి ఇచ్చారు, గడువు 27 నెలలు. హీలలిగె–రాజానుకుంటె ‘కనక’ మార్గం 2023 చివర్లో సుమారు 1,040 కోట్లకు అదే కంపెనీకి వెళ్లింది. 2025లో కంపెనీ రెండింటి నుంచీ తప్పుకుంటున్నట్టు చెప్పేసింది. స్థలం సకాలంలో అప్పగించలేదన్నది దాని వాదన.

తప్పు కంపెనీదా, ఈ ప్రాజెక్టు కట్టిస్తున్న ప్రభుత్వ సంస్థ కె-రైడ్‌దా అన్న చర్చ నడుస్తోంది. అది కోర్టులు తేల్చుకునే సంగతి. నాకు అంతకంటే పెద్ద సంగతి వేరే ఉంది. మన టెండరు పద్ధతిలో కాంట్రాక్టరును చొక్కా విప్పించి పరీక్షిస్తాం, పని ఇచ్చేవాడిని కనీసం జేబులో ఏముందో చూపించమని అడగం.

కాంట్రాక్టరుకు పెట్టే పరీక్ష ఎలా ఉంటుందో చూడండి. కేంద్ర విజిలెన్స్ కమిషన్ 2002లో చెప్పిన కొలత నేటికీ చాలా టెండర్లకు ఆధారం. గత ఏడేళ్లలో అంచనా విలువలో 80 శాతం ఉన్న ఇలాంటి పని ఒకటి చేసి ఉండాలి, లేదా 50 శాతంవి రెండు, లేదా 40 శాతంవి మూడు. మూడేళ్ల సగటు టర్నోవర్ అంచనాలో 30 శాతం ఉండాలి. ఆపైన ‘బిడ్ కెపాసిటీ’ లెక్క. గత ఐదేళ్లలో ఏదో ఒక ఏడాది చేసిన గరిష్ఠ పని విలువను గడువు ఏళ్లతో గుణించి, మళ్లీ రెండుతో గుణించి, చేతిలో ఇప్పటికే ఉన్న పనుల విలువ తీసేయాలి. ఏడాదికి 600 కోట్ల పని చేసిన కంపెనీ, 27 నెలల గడువు అనుకుందాం. 600ను 2.25తో, ఆ వచ్చినదాన్ని 2తో గుణిస్తే 2,700 కోట్లు. చేతిలో 1,900 కోట్ల పని ఉంటే మిగిలేది 800. 860 కోట్ల టెండరుకు ఆ కంపెనీ టెక్నికల్ కవరు దగ్గరే ఆగిపోతుంది, ధర కవరు తెరవనే తెరవరు.

మంచి లెక్క. నేనేమీ కాదనను. కానీ ఇదే లెక్క రెండో వైపు ఎందుకు లేదు? పని ఇచ్చే సంస్థ చేతిలో ఎంత జాగా ఉంది, ఎన్ని అనుమతులు రావాలి, భూసేకరణ విభాగంలో ఎందరు పనిచేస్తున్నారు, పోయిన కాంట్రాక్టులో స్థలం ఎన్ని నెలలు ఆలస్యంగా ఇచ్చింది? ఈ నాలుగింటికీ జవాబు లేకుండానే ఎల్‌ఓఏ, అంటే పని నీకే ఇచ్చామన్న ఉత్తరం, చేతికిస్తారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత మన దగ్గర ఊరికే పుట్టలేదు.

అధికారులు చెప్పే జవాబు తెలిసిందే: “90 శాతం స్థలం అప్పగించాం.” జాతీయ రహదారుల కాంట్రాక్టుల్లోనూ పని మొదలయ్యే తేదీకి 80 నుంచి 90 శాతం స్థలం చేతిలో ఉండాలన్న నియమం ఉంది. రోడ్డుకు అది కొంతవరకు పనికొస్తుంది, మధ్యలో వంద మీటర్లు వదిలి అవతల తారు వేసుకోవచ్చు. రైలు వంతెనకు ఆ శాతం ఒట్టి అంకె.

మల్లిగె మార్గంలో సుమారు ఎనిమిది కిలోమీటర్లు స్తంభాల మీద వెళుతుంది. దాని కోసం పోతపోసిన యూ ఆకారపు గర్డరు పొడవు 31 మీటర్లు, బరువు దాదాపు 178 టన్నులు. రెండు స్తంభాల మధ్య ఖాళీని స్పాన్ అంటారు. ఒక్కో స్పాన్‌కు పక్కపక్కనే రెండు గర్డర్లు కూర్చుంటాయి, ఒక్కో ట్రాక్‌కు ఒకటి. ఇప్పుడు వరుసగా వంద స్తంభాలు అనుకోండి, స్పాన్లు 99. పది స్తంభాల జాగా రాలేదు, అవీ అక్కడొకటి ఇక్కడొకటి. స్తంభం ఒకటి లేకపోతే ఆగేది ఒక స్పాన్ కాదు, దానికి ఇటూ అటూ ఉన్న రెండు. అంటే పది స్తంభాలకు ఇరవై స్పాన్లు, 620 మీటర్లు. అదే పది వరుసగా ఒకేచోట ఉండి ఉంటే ఆగేవి పదకొండే. కాగితం మీద రెండు సందర్భాల్లోనూ 90 శాతం స్థలం ఇచ్చినట్టే!

ఆ ఇరవై స్పాన్ల కోసం పోసిన నలభై గర్డర్లు ఏమవుతాయి? యార్డులో ఉంటాయి. 7,120 టన్నుల కాంక్రీటు. వాటిని ఎక్కడ పడితే అక్కడ దించలేరు, డిజైనులో చెప్పిన చోటే దిమ్మెలు పెట్టి నిలపాలి, లేకపోతే బీటలిస్తాయి. పైగా లోపలి ఉక్కు తీగలు లాగి బిగించి ఉంటాయి కాబట్టి, మీద బరువు పడకుండా నెలల తరబడి ఉంటే గర్డరు మెల్లగా విల్లులా పైకి లేస్తుంది. సైట్లో దాన్ని క్యాంబర్ పెరిగిందంటారు. తర్వాత ఎప్పుడో ఎక్కించినప్పుడు పట్టాల కింద వేసే కాంక్రీటు మందం ఒక్కో స్పాన్‌కు ఒక్కోలా సరిచేసుకోవాలి. ఇక యార్డు నిండితే అచ్చులు ఖాళీ, అచ్చులు ఖాళీ అయితే పోతపోసే ముఠా ఇంకో ఊరికి పోతుంది. పోయిన ముఠా పిలవగానే తిరిగి రాదు.

చెన్నైవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. వేళచ్చేరి–సెయింట్ థామస్ మౌంట్ లైను మొత్తం ఐదు కిలోమీటర్లు. ఆదంబాక్కం దగ్గర అర కిలోమీటరు భూవివాదం, మిగతా నాలుగున్నర కిలోమీటర్లను పదేళ్లకు పైగా ఉత్త వంతెనగా నిలబెట్టింది. శాతాల్లో చూస్తే అక్కడా 90.

నేల మీద వెళ్లే భాగం తేలిక అనుకుంటారు. రైల్వే జాగాయే కదా, ఎవర్ని ఖాళీ చేయించాలి? అసలు చిక్కు అక్కడే. పాత లైను పక్కన గడ్డపార దించితే చాలు, సిగ్నల్ కేబుళ్లు బయటపడతాయి, వాటిలో కొన్ని ఏ డ్రాయింగులోనూ ఉండవు. అందుకే యంత్రం దించే ముందు చేత్తో అడ్డంగా ట్రయల్ పిట్ తవ్వి చూడాలి. కేబుల్ తప్పించాలంటే సిగ్నల్ విభాగం రావాలి. పట్టాలు దాటే ప్రతిచోటా జీఏడీ అనే డ్రాయింగుకు ఇంజినీరింగ్, సిగ్నల్, ఎలక్ట్రికల్, ఆపరేటింగ్ విభాగాలన్నీ సంతకం పెట్టాలి. ఒకరు కొర్రీ వేస్తే మళ్లీ మొదటికి. నడుస్తున్న లైను మీద గర్డరు ఎత్తాలంటే రాత్రిపూట రైళ్లు ఆపి రెండు మూడు గంటల బ్లాక్ ఇవ్వాలి. అది చివరి నిమిషంలో రద్దయితే క్రేన్ బాడుగ మాత్రం ఆగదు. చెట్ల సంగతి వేరే. యాభైకి మించి చెట్లు కొట్టాలంటే 1976 నాటి కర్ణాటక చెట్ల సంరక్షణ చట్టం ప్రకారం ప్రజల అభ్యంతరాలు వినాలి, ఆపైన హైకోర్టు ఉండనే ఉంది. ఇవేవీ ఆకాశం నుంచి ఊడిపడేవి కావు. ఏ లైనుకైనా వచ్చేవే, ముందే తెలిసినవే.

దీనికి ఎదురు వాదన ఉంది, కొట్టిపారేయదగ్గది కాదు. జాగా మొత్తం వచ్చేదాకా కూర్చుంటే ఈ దేశంలో ఏ పనీ మొదలు కాదు, కాంట్రాక్టు ఇచ్చేస్తేనే అన్ని శాఖల మీదా ఒత్తిడి వస్తుంది, ఆగిన కొద్దీ ధరలు పెరుగుతాయి అంటారు. అలాగే తక్కువకు కోట్ చేసి నష్టం కనబడగానే స్థలం పేరు చెప్పి జారుకునే కాంట్రాక్టర్లూ ఉన్నారంటారు. ఉన్నారు. అయితే ఆ సాకు చేతికి అందించింది ఎవరు? ఒత్తిడి మాట కూడా వినడానికి బాగుంటుంది. 1983లోనే ఈ ఊరికి సబర్బన్ రైలు ప్రతిపాదన వచ్చింది. నలభై ఏళ్లు ఆగినవాళ్లు ఇంకో ఏడాది ఆగి జాగా చేతికి తెచ్చుకుని టెండరు పిలిస్తే కొంపలేం మునిగేవి కావు.

అసలు నష్టం ఇంకోచోట ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. సిద్ధంగా లేని యజమానికి సిద్ధపడిన కాంట్రాక్టరు దొరకడు. అనుభవం ఉన్న కంపెనీ టెండరు వేసే ముందు మనిషిని పంపి లైను వెంట నడిపిస్తుంది. ఎక్కడ గోడ ఉందో, ఎక్కడ గుడి ఉందో, ఎక్కడ ట్రాన్స్‌ఫార్మర్ ఉందో రాసుకుంటుంది. జాగా ఏడాది ఆలస్యమవుతుందని దానికి అప్పుడే అర్థమవుతుంది. అప్పుడు రెండే దారులు. నిజాయితీగా ఆ ఏడాది ఖర్చు కలిపి ఎక్కువ కోట్ చేస్తే ఎల్‌2 అవుతుంది, అంటే ధరలో రెండో స్థానం, అంతే సంగతులు. తక్కువకు కోట్ చేసి, మొదటి రోజు నుంచే ఉత్తరాలు రాసుకుంటూ, ‘ఫలానా తేదీకి స్థలం ఇవ్వలేదు, మా రిగ్ ఖాళీగా ఉంది’ అని ఫైలు కట్టుకుంటూ పోతే ఎల్‌1 అవుతుంది, అంటే అందరికంటే తక్కువ ధరతో పని దక్కించుకుంటుంది, తర్వాత నష్టపరిహారానికి క్లెయిమ్ వేస్తుంది. అంతర్జాతీయ నమూనా కాంట్రాక్టుల్లో సైటు ఇవ్వడం యజమాని బాధ్యత అని స్పష్టంగా ఉంటుంది, ఆలస్యమైతే గడువుతోపాటు ఖర్చూ ఇవ్వాలి. మన శాఖలు దానికి విరుగుడుగా ‘గడువు పొడిగింపు తప్ప పైసా ఇవ్వం’ అనే షరతు రాసుకుంటాయి. కాంట్రాక్టరు ఆలస్యానికి మాత్రం కాంట్రాక్టు విలువలో 10 శాతం దాకా జరిమానా! ఇంత వంకర త్రాసులో పడి తూగేది మొండి కంపెనీలూ, లాయర్ల బలం ఉన్న కంపెనీలే. పని తెలిసిన మధ్యతరహా కంపెనీ అటు తిరిగి చూడదు.

మిగిలిన పని రెండోసారి ఇంకొకరికి ఇవ్వడం ఎంత ఖర్చుతో కూడుకున్నదో కోరమంగల వాళ్లను అడగండి. ఈజీపుర ఫ్లైఓవర్ రెండున్నర కిలోమీటర్లు. 2017లో ఇచ్చారు, 2022లో రద్దు చేశారు, 2023లో ఇంకో కంపెనీకి ఇచ్చారు. మధ్యలో ఆ సగం స్తంభాల కింద ఇరుక్కున్నవాళ్లలో సగం మంది తెలుగువాళ్లే అయి ఉంటారు. కాంట్రాక్టరు పోగానే మొదట జరగాల్సింది ఉమ్మడి కొలత: ఏ స్తంభం ఎంతవరకు లేచింది, కొలతల పుస్తకంలో (ఎంబీలో) ఎంత రాశారు, ఎంతకు డబ్బిచ్చారు. దీని మీదే నెలలు పోతాయి. బయటికి పొడుచుకొచ్చిన కడ్డీలకు సిమెంటు పాలు పూయకుండా వదిలేస్తే రెండు వానాకాలాలకు తుప్పు పొరలు పొరలుగా లేస్తుంది, రుద్దాలి, ఎక్కువగా తింటే కొత్త కడ్డీ కలపాలి. పాతవాడు పునాదికి వేసిన పైల్స్ బాగున్నాయో లేదో పరీక్షించాలి. బాగున్నాయని తేలినా, పదేళ్ల తర్వాత బీట వస్తే బాధ్యత ఎవరిది? కొత్తవాడు ఆ భయానికి కూడా ధర కట్టి కోట్ చేస్తాడు. ఇక సబర్బన్ రైలులో 31 మీటర్ల గర్డరు అచ్చులు మామూలుగా బజారులో దొరికే సరుకు కాదు. పాత కంపెనీ దగ్గర కొనాలి, లేదా మళ్లీ చేయించాలి.

మరి ఏం చేయాలి? కొత్త చట్టం అక్కర్లేదు. టెండరు పత్రానికి ఒక పట్టిక జతచేస్తే చాలు. ఒక్కో స్తంభానికి ఒక్కో వరుస. జాగా ఎవరిది, స్వాధీనమైందా, కాకపోతే ఏ తేదీకి, కింద ఏ పైపు ఏ కేబుల్ ఉంది, తప్పించేది జలమండలా బెస్కామా రైల్వేనా, చెట్లు ఎన్ని, అనుమతి సంఖ్య ఎంత. కింద సంస్థ ఎండీ సంతకం. ధర కవరు తెరిచే రోజుకు వరుసగా కనీసం ముప్పై నలభై స్తంభాల గుంపు ఒకటి పూర్తిగా చేతిలో లేకపోతే కవరు తెరవకూడదు. తేదీ తప్పితే నెలకు ఇంత అని కాంట్రాక్టరుకు చెల్లించాలి, ఆ మొత్తం ఏ శాఖ వల్ల పోయిందో ఏటా ప్రకటించాలి. ఆర్థిక శాఖ వాళ్లు ఒప్పుకోరంటారా? క్లెయిముల రూపంలో, పెరిగిన అంచనాల రూపంలో ఇప్పుడు వాళ్లు కడుతున్నది అదే డబ్బు, కాకపోతే ఎవరి పేరూ రాయకుండా.

సంతకం పెట్టేదెవరన్న దగ్గరే ఈ ఊరి అసలు జబ్బు బయటపడుతుంది. కె-రైడ్‌కు పూర్తికాలపు ఎండీ లేకుండా అదనపు బాధ్యతల మీదే చాలాకాలం నడిపారు. జాగా రైల్వేది, రోడ్డు కార్పొరేషన్‌ది, పైపు జలమండలిది, కరెంటు బెస్కామ్‌ది, డబ్బులో ఐదో వంతు కేంద్రానిది, ఐదో వంతు రాష్ట్రానిది, మిగతా 60 శాతం అప్పు. వీళ్లందర్నీ ఒక బల్ల ముందు కూర్చోబెట్టడానికి 2022లో మెట్రోపాలిటన్ రవాణా ప్రాధికార చట్టం చేశారు, బల్ల మాత్రం ఇంకా వెతుక్కోవాల్సి వస్తోంది. బీబీఎంపీ పాలకవర్గం గడువు 2020 సెప్టెంబరులో ముగిసింది, ఐదేళ్లు గడిచినా ఎన్నిక పెట్టలేదు, ఈలోగా కార్పొరేషన్‌నే ఐదు ముక్కలు చేశారు. మీ వీధి చివర తవ్విన గుంత ఎప్పుడు పూడుస్తారని అడగడానికి ఒక కార్పొరేటరు కూడా లేని నగరంలో, 46 కిలోమీటర్ల కనక లైనుకు జాగా ఎప్పుడిస్తారని ఎవర్ని నిలదీయాలి? ఓటు ఇక్కడ ఉన్నవాళ్లకే దిక్కులేదు. హిందూపురం, పెనుకొండల నుంచి యలహంక దాకా రైలెక్కి అక్కడి నుంచి బస్సు కోసం పరుగెత్తే మనవాళ్ల మాట ఎవరు వింటారు? కనక మార్గం ఆగే రాజానుకుంటె, వాళ్లు రోజూ దాటే స్టేషనే.

మిగిలిన పనులకు మళ్లీ టెండర్ల దారే. కొత్త పత్రాలు ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్లో ఎవరైనా చూడొచ్చు. ఎల్‌1 ఎవరో, మనోళ్లో కాదో తర్వాత చూసుకోవచ్చు. ముందు సైటు అప్పగింత షెడ్యూలు ఉన్న పేజీ తెరవండి. అక్కడ స్తంభాల వారీగా తేదీలున్నాయా, లేక ‘స్థలాన్ని దశలవారీగా అప్పగిస్తాం’ అన్న ఒక్క వాక్యమే ఉందా?