పట్టుకున్నవాడికి పతకం, భద్రపరిచేవాడికి మెమో

గంజాయి మూటలు వరసగా పేర్చి, ముఖాలకు ముసుగులు వేసిన నలుగురిని వెనకాల నిలబెట్టి, మధ్యలో ఎస్పీ మాట్లాడే ప్రెస్‌మీట్లు ఒడిశా సరిహద్దు జిల్లాలైన కోరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి జనానికి కొత్తేం కాదు. మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది. పట్టుకున్న టీముకి రివార్డు వస్తుంది. ఆ మూటలు తర్వాత ఎక్కడికి వెళ్తాయి, వాటి బాధ్యత ఎవరిది అని మాత్రం ఏ విలేకరీ అడగడు. అవి స్టేషన్లోనే ఓ మూల గదిలోకి వెళ్తాయి. దాన్ని మాల్‌ఖానా అంటారు. ఈ రోజుల్లో కేసు నిలబడటమైనా, కూలిపోవడమైనా చాలావరకు ఆ గదిలోనే తేలిపోతోంది. అయినా ఆ గదిని నడపడాన్ని ఒక వృత్తిగా మన ప్రభుత్వాలు ఇప్పటికీ లెక్కలోకి తీసుకోవడం లేదు. దానికి ప్రత్యేకంగా ఒక సివిలియన్ కేడర్ కావాలి. దాన్ని ముందు ఈ సరిహద్దు జిల్లాల్లోనే పెట్టాలి. అందులో తెలుగు వచ్చిన స్థానిక పిల్లలకు చోటుండాలి. ఈ వ్యాసంలో నేను వాదించేది ఇదే.

ఇప్పుడు ఆ పని చేస్తున్నది ఎవరు? ఒడిశాలో ఏఎస్సైకో హవల్దారుకో అప్పజెబుతారు. మహారాష్ట్ర వైపు ముద్దేమాల్ కార్కూన్ అని పిలుస్తారు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అయితే అన్నీ స్టేషన్ రాతపని చూసే రైటర్ నెత్తిన పడతాయి. పేరు ఏదైనా కథ ఒకటే. శిక్షణ ఉండదు, ప్రమోషన్‌లో ఆ పనికి విలువ ఉండదు. బందోబస్తు వస్తే గదికి తాళం వేసి వెళ్లిపోవాలి. బదిలీ వచ్చినప్పుడు అసలు టెన్షన్ మొదలవుతుంది. రిజిస్టర్‌లో ఉన్నది గదిలో కనపడదు, గదిలో ఉన్నది రిజిస్టర్‌లో ఉండదు. కొత్తగా వచ్చినాయన ఛార్జి తీసుకోనంటాడు, పాతాయన తాళం చెవి వదిలించుకోలేడు. చివరికి మెమో ఎవరికి అందుతుందో చెప్పక్కర్లేదు.

గంజాయి కేసునే తీసుకుందాం. దాని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మన సరిహద్దు కేసుల గుట్టంతా అందులోనే ఉంది. మత్తు పదార్థాల మీద 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం లెక్కలో గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. అప్పుడు కనీస శిక్ష పదేళ్లు, బెయిల్‌కి 37వ సెక్షన్ అడ్డుగోడ. 20 లోపు అయితే ఆ గోడ ఉండదు. ఆంధ్రా-ఒడిశా సరిహద్దులోని సుంకి ఘాట్ దగ్గర ఓ కారులో 22 కిలోలు దొరికిందనుకోండి. చిత్రకొండ కొండల్లోనో పాడువా వైపో కోసి, సరిగ్గా ఆరకముందే మూట కట్టిన సరుకు అది. నెలలు గడిచేసరికి తడి ఆరి బరువు తగ్గుతుంది. ఇది ఏ మిర్చి రైతుకైనా తెలిసిన సంగతే. జయపురంలోని కోరాపుట్ జిల్లా కోర్టులో మళ్లీ తూకం వేస్తే ముల్లు 19 దగ్గర ఆగిందంటే డిఫెన్స్ లాయరుకి పండగే. 'మిగతా మూడు కిలోలు ఎవరు తిన్నారు?' అని అడుగుతాడు. పోలీసు దగ్గర జవాబుండదు. జప్తు నాడు సరుకు పచ్చిగా ఉందని గానీ, కాడలు, ఆకులు కలిసి ఉన్నాయని గానీ, ఏ కాటా మీద తూచారని గానీ ఎవరూ రాసి ఉండరు. చట్టం గంజాయి అన్నది పూత, కాయ ఉన్న కొసల్నే. వాటితో కలిసి లేని ఆకులు, గింజలు ఆ లెక్కలోకి రావు. అంటే మూటలో ఏముందో మొదటి రోజే వివరంగా రాసుకోకపోతే రెండేళ్ల తర్వాత ఎంత వాదించినా అరణ్యరోదనే.

ఇక ఎలకల సంగతి. 2022లో ఉత్తరప్రదేశ్‌లోని మథుర పోలీసులు 581 కిలోల గంజాయిని ఎలకలు తినేశాయని కోర్టుకే చెప్పుకున్నారు. 2024లో జార్ఖండ్‌లోని ధన్‌బాద్‌లోనూ అదే పాట. జోకులు బాగానే పేలాయి. నాకైతే నవ్వు రాలేదు. నిజంగా ఎలకలే తిన్నాయా, రెండు కాళ్లవి తిన్నాయా అని తేల్చే రికార్డు అసలు ఉందా అన్నదే నా ప్రశ్న.

కోర్టులు ఇదంతా చూడలేదని కాదు. మోహన్‌లాల్ కేసులో 2016 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: జప్తు చేసిన మత్తు పదార్థాలకు వేరే గోదాములు కట్టండి, రెండు తాళాల పద్ధతి పెట్టండి, బాధ్యుడైన అధికారిని నియమించండి, మేజిస్ట్రేటు ముందు శాంపిళ్లు తీయించి మిగతాది ధ్వంసం చేయండి అని. అంతకుముందు 2002లోనే సుందర్‌భాయ్ దేశాయ్ కేసులో, స్వాధీనం చేసుకున్న వస్తువులు స్టేషన్లో పదిహేను రోజులు, మహా అయితే నెల మించి ఉండకూడదంది. ఇప్పుడు ఏ స్టేషన్ ఆవరణలోకైనా వెళ్లి చూడండి. పిచ్చిమొక్కలు మొలిచిన ఆటోలు, టైర్లు కుళ్లిన బైకులు ఆ తీర్పుకి సాక్ష్యం చెప్తాయి. 2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 497వ సెక్షన్ గడువు పెట్టింది. వస్తువు కోర్టు ముందుకొచ్చిన 14 రోజుల్లో దాని వివరాల పట్టిక తయారవ్వాలి, ఫొటో వీడియో తీయాలి, ఆ తర్వాత 30 రోజుల్లో దాన్ని ఏం చేయాలో ఉత్తర్వు రావాలి. సోదా, జప్తు వీడియోలో ఎక్కించాలని 105వ సెక్షన్ చెప్తోంది. ఇక 2025 జూలైలో కట్టవెల్లై కేసు తీర్పు వచ్చింది. ఉరిశిక్ష పడిన ముద్దాయిని విడుదల చేస్తూ సుప్రీంకోర్టు, డీఎన్‌ఏ నమూనా 48 గంటల్లో ల్యాబ్‌కి చేరాలనీ, అది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో రాసే రిజిస్టర్ కేసు ముగిసేదాకా నడవాలనీ దేశమంతటికీ ఆదేశించింది.

చట్టం మారింది, తీర్పులు వచ్చాయి, కొత్త రిజిస్టర్లూ వస్తాయి. వాటిని నింపే చెయ్యి మాత్రం పాతదే. నిన్న రథయాత్రలో తాడు పట్టి జనాన్ని ఆపిన మనిషే ఇవాళ రక్తపు బట్టని ప్లాస్టిక్ కవర్లో కుక్కి సీలు వేస్తాడు. తడి బట్టని నీడలో ఆరబెట్టి కాగితపు కవర్లో పెట్టాలి, ప్లాస్టిక్‌లో పెడితే బూజు పట్టి డీఎన్‌ఏ పాడవుతుంది అని అతనికి ఎవరు చెప్పారు? ఫోన్ దొరికితే ముందు దాన్ని నెట్‌వర్క్ నుంచి తప్పించాలనీ, లేకపోతే బయట ఎవడో కూర్చుని డేటా తుడిచేయొచ్చనీ ఎవరు నేర్పారు? ఫోరెన్సిక్ సదుపాయాలు పెంచడానికి కేంద్రం 2024లో 2,254 కోట్ల రూపాయలకు పైగా పథకానికి ఆమోదం ఇచ్చింది. మంచిదే. కానీ ల్యాబ్‌కి చేరేలోపే శాంపిల్ కుళ్లిపోతే అన్ని కోట్ల మిషను మాత్రం ఏం చేస్తుంది?

అమెరికాలో ఇది ఎప్పటినుంచో ఓ వృత్తి. అక్కడ చాలా పోలీసు శాఖల్లో ప్రాపర్టీ అండ్ ఎవిడెన్స్ టెక్నీషియన్ అన్నది తుపాకీ, యూనిఫాం లేని సివిలియన్ ఉద్యోగం. అలాంటివాళ్లకి శిక్షణా సర్టిఫికెట్లూ ఇచ్చే అంతర్జాతీయ సంఘమే ఉంది. బార్‌కోడ్ అతికించడం దగ్గర్నుంచి ఆకస్మిక తనిఖీ, వేలం, ధ్వంసం, కోర్టులో సాక్ష్యం చెప్పడం దాకా అదే వాళ్ల పని. అక్కడ దొంగతనాలు, కుంభకోణాలు లేవని నేననను, ఉన్నాయి. ఏదైనా తేడా వస్తే పట్టుకోవడానికి ఓ పేరు, ఓ సంతకం, ఓ తేదీ దొరుకుతాయి. మనకి దొరకనిదే అది.

సరిహద్దు జిల్లాలకి ఇంకో ప్రమాదం కూడా ఉంది. 2025 నవంబర్‌లో శ్రీనగర్ దగ్గర నౌగామ్ పోలీస్ స్టేషన్లో, జప్తు చేసి తెచ్చిన పేలుడు పదార్థాల శాంపిళ్లు తీస్తుండగా అది పేలి తొమ్మిది మంది చనిపోయారు. ఆ వార్త చదివినప్పుడు నాకు మల్కన్‌గిరి, మహారాష్ట్రలోని గడ్చిరోలి గుర్తొచ్చాయి. దశాబ్దాల మావోయిస్టు పోరు నడిచిన నేల ఇది. డంపులు తవ్వితే జెలటిన్ కడ్డీలు, డిటొనేటర్లు బయటపడతాయి. 2025 అక్టోబరులో మావోయిస్టు అగ్రనేత మల్లోజుల వేణుగోపాలరావు అరవై మందితో గడ్చిరోలిలో లొంగిపోయినప్పుడు 54 ఆయుధాలు అప్పజెప్పారు. ప్రతి ఆయుధానికీ నంబరుంటుంది, చరిత్ర ఉంటుంది, ఏ స్టేషన్ నుంచి ఎప్పుడు దోచుకెళ్లారో కేసు ఉంటుంది. 2004 ఫిబ్రవరిలో కోరాపుట్ జిల్లా ఆయుధాగారాన్నే మావోయిస్టులు లూటీ చేశారు కదా. ఆ దెబ్బ తర్వాత ఈ జిల్లాల స్టేషన్లకి ముళ్లకంచెలు, ఇసుక బస్తాలు, కాపలా మోర్చాలు వచ్చాయి. గోడ బయట అంత కాపలా పెట్టినవాళ్లు లోపలి గదిలో లెక్క రాసే మనిషిని పెట్టడం మర్చిపోయారు.

ఎదుటివాళ్ల మాట కూడా చెప్పాలి. పోలీసు కానివాడి చేతికి తాళం ఇస్తే లంచానికి ఇంకో తలుపు తెరిచినట్టేనని కొందరు ఐపీఎస్‌ల భయం. కొత్త కేడర్ అంటే ఖజానాకి భారమని ఆర్థిక శాఖ అంటుంది. పైగా 2025 జనవరిలో భారత్ ఆంబలే కేసులో సుప్రీంకోర్టే, మేజిస్ట్రేటు ముందు శాంపిళ్లు తీసి సరుకు ధ్వంసం చేయమనే ఎన్‌డీపీఎస్ 52ఏ సెక్షన్ పాటించడంలో లోపం ఉన్నంత మాత్రాన కేసు దానంతటదే కొట్టుకుపోదని చెప్పింది కాబట్టి కంగారు అనవసరమని వాదించేవాళ్లూ ఉన్నారు. నిజమే, ఆ తీర్పు ప్రాసిక్యూషన్‌కి కాస్త ఊపిరి ఇచ్చింది. కానీ మిగతా సాక్ష్యం గట్టిగా ఉన్నప్పుడే ఆ ఊపిరి అందుతుంది. సీలు, రిజిస్టర్, కోర్టుకి తెచ్చిన మూట ఒకదానికొకటి పొసగనప్పుడు ఏ తీర్పూ కాపాడదు. లంచం భయం అంటారా, పట్టుకున్నవాడూ దాచేవాడూ ఒకే ఎస్సై కింద పనిచేస్తున్న ఇప్పటి ఏర్పాటు కంటే అది ఎక్కువేం కాదు.

ఇక నా మనసులో అసలు మాటకి వస్తాను. సరిహద్దులో మాల్‌ఖానా ఒక భాషల సంత. సుంకిలో దొరికిన కారుకి ఆంధ్రా నంబరుంటుంది, డ్రైవర్ అనకాపల్లి వాడు, మూట మోసినవాడు కొండ మీది ఆదివాసీ, సాక్షి సంతకం తెలుగులో, జప్తు పట్టిక ఒడియాలో, ల్యాబ్‌కి ఉత్తరం ఇంగ్లిష్‌లో. గోదావరి, ప్రాణహిత కలిసే చోట గడ్చిరోలి జిల్లా సిరొంచకి వెళ్తే పంచనామా మరాఠీలో, ఊరంతా తెలుగులో. 1993 నుంచి మద్యనిషేధం ఉన్న జిల్లా కాబట్టి నది దాటొచ్చిన సీసాల కేసులు అక్కడ ఉండనే ఉంటాయి. పంచ్‌గా, అంటే జప్తుకి సాక్షిగా, సంతకం పెట్టిన పెద్దాయన రెండేళ్ల తర్వాత కోర్టు బోనులో నిలబడి 'నేను సంతకం పెట్టిన కాగితంలో ఏముందో నాకు తెలీదయ్యా' అంటే హోస్టైల్ (ఎదురు తిరిగిన సాక్షి) అని రాసి పంపేస్తారు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ కాగితం ఆయన భాషలో చదివి వినిపించిన దిక్కు లేదంతే.

కారు యజమాని బాధ ఇంకో రకం. బండిలో ఏం వెళ్తోందో తనకీ, దాన్ని నడిపినవాడికీ తెలియదనీ, తగిన జాగ్రత్తలు తీసుకున్నామనీ నిరూపించుకుంటే చట్టం బండిని విడిపిస్తుంది. ఎన్‌డీపీఎస్ కేసులోనూ విచారణ నడుస్తుండగానే వాహనాన్ని షరతులతో వదలొచ్చని 2025 జనవరిలో విశ్వజిత్ దే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా అనకాపల్లి నుంచి జయపురానికి తిరగాలి, భాష రాని ఆఫీసులో జిమ్మానామా (బండిని అప్పగించుకున్నట్టు హామీ పత్రం) రాయించుకోవాలి, మధ్యలో దళారి చెయ్యి తడపాలి. బండి చేతికొచ్చేసరికి ఇంజను పట్టేసి ఉంటుంది. ఇక కొటియా లాంటి చోట, 1968 నుంచి ఆంధ్రా, ఒడిశా కోర్టులో కొట్లాడుకుంటున్న 21 ఊళ్లలో, నేరం జరిగితే సాక్ష్యం ఏ రాష్ట్రం మాల్‌ఖానాకి వెళ్లాలన్నదే ఓ తగాదా.

ఈ గొడవకి మందు ఈ జిల్లాల్లోనే ఉంది. రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, జయపురం, సిరొంచలో పెరిగిన మన పిల్లలకి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియానో మరాఠీనో, సంతలో హిందీ, కొందరికి కువీ, దేశియా, గోండి లాంటి ఇక్కడి భాషలు కూడా వచ్చు. ఇన్ని భాషలు వచ్చిన పిల్లవాడిని ఏ ప్రభుత్వమూ అర్హత ఉన్నవాడిగా చూడలేదు. ఒడిశా ఉద్యోగానికి అతను ఒడియా సరిగా రాని తెలుగువాడు, ఆంధ్రా ఉద్యోగానికి నాన్‌లోకల్. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు కోరాపుట్ మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయింది. ఆ నాటి నుంచి ఇక్కడి తెలుగుని మైనారిటీ సమస్యగా చూడటమే తప్ప, అక్కరకొచ్చే నైపుణ్యంగా చూసిన పాపాన పోలేదు. తెలుగు మీడియం బడులు మూతపడుతుంటే మన సంఘాలు వినతిపత్రాలు ఇస్తాయి, ఉగాదికి కవి సమ్మేళనం పెడతాయి. ఆ భాషకి జీతం వచ్చే ఒక్క ఉద్యోగం అడగవు. మన సంఘాల మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే.

కాబట్టి అడగాల్సింది ఇది. కోరాపుట్, మల్కన్‌గిరి, రాయగడ, గడ్చిరోలి జిల్లాల్లో స్టేషన్ల నుంచి వేరుగా జిల్లాకో ఉమ్మడి మాల్‌ఖానా కట్టాలి. పేలుడు పదార్థాలకు ఊరికి దూరంగా వేరే గది ఉండాలి. దాన్ని ఎస్పీ కింద కాకుండా జిల్లా జడ్జి తనిఖీలో పెట్టాలి. నడపడానికి బీకాం చదివినవాళ్లు, ఫోరెన్సిక్ డిప్లొమా చేసినవాళ్లు, సైన్యంలో స్టోర్స్ చూసి రిటైరైనవాళ్లు పనికొస్తారు. నాగ్‌పూర్, భువనేశ్వర్‌లలో జాతీయ ఫోరెన్సిక్ విశ్వవిద్యాలయం క్యాంపస్‌లు ఉన్నాయి. ఆరు నెలల కోర్సు పెట్టడం వాటికి పెద్ద పనేం కాదు. జీతం ల్యాబ్ అసిస్టెంట్‌కి తగ్గకూడదు, ప్రమోషన్ మెట్లు ముందే రాసి ఉండాలి, బందోబస్తుకి పంపకూడదు. నోటిఫికేషన్‌లో ఒక లైను తప్పకుండా ఉండాలి: రాష్ట్ర భాషతో పాటు తెలుగు చదవడం, రాయడం వచ్చిన స్థానికులకు ప్రాధాన్యం. ఒడిశా, మహారాష్ట్ర ప్రభుత్వాలు దీన్ని తమంతట తాము రాయవు. వచ్చే ఎన్నికల్లో రాయగడ, గుణుపూర్, అహేరి నుంచి ఓట్లడగడానికి వచ్చే అభ్యర్థుల చేత, తెలుగులోనే మాట్లాడి ఓట్లడుగుతారు కాబట్టి, ఆ భాషలోనే హామీ పత్రం మీద రాయించుకోవాలి.