ఓసీ చిరంజీవి

మన దగ్గర పింఛను తీసుకునే పెద్దాయన ఏటా తాను బతికే ఉన్నానని నిరూపించుకోవాలి. పాత ఆటో ఏటా ఫిట్‌నెస్‌కి వెళ్లి రావాలి. కిరాణా కొట్టుకు కూడా ట్రేడ్ లైసెన్సు రెన్యువల్ తప్పదు. వందమంది నిద్రపోయే అపార్ట్‌మెంటుకు మాత్రం ఈ బాదరబందీ లేదు. ప్లాన్ ప్రకారమే కట్టారు, ఇక జనం కాపురం ఉండొచ్చు అంటూ మున్సిపాలిటీ ఒక్కసారి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) ఇచ్చిందంటే ఇక ఆచంద్రతారార్కం చెల్లుతుంది.

మొన్న హైదరాబాద్‌లో ఒక పాత ఫ్లాటు చూడబోతే, బ్రోకరు లామినేషన్ చేయించిన ఓసీ చూపించాడు. సెల్లారులో చూస్తే నాలుగు షట్టర్లు, ఒక ప్లైవుడ్ గోడౌన్. కార్లన్నీ రోడ్డు మీద ఉన్నాయి. "మరి పార్కింగ్?" అన్నాను. "ప్లాన్‌లో ఉంది సార్" అన్నాడు, నా అజ్ఞానానికి జాలిపడుతూ.

అసలు ఓసీ తనిఖీ రోజు చూడాలండీ ఆ బిల్డింగు వైభవం. సెల్లారులో పసుపు గీతలు ఇంకా తడి ఆరవు. పిల్లల ఆటస్థలం అని గీసిన మూలలో నర్సరీ నుంచి అద్దెకు తెచ్చిన కుండీలు బారులు తీరతాయి. ఇంకుడు గుంత మీద కొత్త కంకర. పక్క సైటు నుంచి అరువు తెచ్చిన, మంటలార్పే ఎర్ర సిలిండరు మెట్ల దగ్గర వేలాడుతుంది. అధికారి వస్తారు, ఫొటోలు దిగుతాయి, ప్లాన్ తప్పనని హామీగా బిల్డరు కార్పొరేషన్ దగ్గర తాకట్టు పెట్టిన పది శాతం భాగం విడుదలవుతుంది. సాయంత్రానికి కుండీలు ట్రాలీ ఆటో ఎక్కి ఇంకో బిల్డింగుకు బయల్దేరతాయి. ఆ క్రోటన్ మొక్క తెచ్చుకున్నన్ని ఓసీలు ఏ బిల్డరూ తెచ్చుకుని ఉండడు. మర్నాటి నుంచి టెర్రస్ మీద పెంట్‌హౌస్‌కు ఇటుకలు ఎక్కుతుంటాయి.

స్పెయిన్‌లోని కాటలోనియాలో ఇలాంటి నివాసయోగ్యతా పత్రానికి గడువు పెట్టారట. కొత్త ఇంటికి 25 ఏళ్లు, పాతదానికి 15. పాపం, ఇల్లు కూడా పాతబడుతుందని నమ్మే అమాయకులు! మనకు 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఓసీ చూశాకే కరెంటు, నీళ్లు ఇవ్వాలంది. మంచిదే. ఇచ్చాక ఎవరు చూస్తారు?

2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో జనం కాపురముంటున్న అపార్ట్‌మెంటు కింద రసాయనాల డ్రమ్ములు అంటుకున్నాయి. పై అంతస్తుల్లో ఉన్నవాళ్లు పొగకు ఊపిరాడక పోయారు. పిల్లలతో సహా కనీసం తొమ్మిది మంది. ఇళ్ల కింద డ్రమ్ములు పేర్చుకోవచ్చని ఏ ప్లాన్‌లో గీశారు? ఏ చట్టంలో రాశారు? జనం చచ్చాక నోటీసులు, కమిటీలు, నాలుగు రోజుల తనిఖీల హడావిడి. అప్పటిదాకా ఏ కళ్లు మూసుకుపోయాయి? ఆస్తిపన్ను బకాయి ఉంటే గుమ్మం దాకా వచ్చే కాళ్లు, ఐదేళ్లకోసారైనా మరో పది మెట్లు కిందికి ఎందుకు దిగవు?