నలభై రెండు మార్కుల శ్లాబు

మండల కేంద్రంలో తహసీల్దారు కార్యాలయం. 1985లో మండలాలు రాకముందే కట్టిన భవనం. వాన పడితే రికార్డు రూములో బకెట్లకు డ్యూటీ. కూల్చాలా, మరమ్మతు చెయ్యాలా అన్నది తేల్చడం చాలా సులువు, సంతకం పెట్టేవాడు దొరికితే! "ప్రమాదకరం" అని రాస్తే సిబ్బందిని ఆ పూటే ఖాళీ చేయించి అద్దె భవనం వెతకాలి. "భేషుగ్గా ఉంది" అని రాస్తే, రేపు పెచ్చు ఎవరి నెత్తిన ఊడిపడ్డా రాసినవాడి నెత్తిన పడ్డట్టే. అందుకే ఇన్నేళ్లుగా ఒకటే మాట: "తగు జాగ్రత్తలతో వాడుకొనవచ్చును."

ఈసారి పెచ్చు నేరుగా పాత అడంగల్ కట్ట మీద పడింది. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు రీబౌండ్ హేమర్‌తో దిగారు. కొడితే ఎంత ఎగిరి వెనక్కొస్తుందో అంకెలో చూపే సుత్తి అది, అంకె పెద్దదైతే పైపొర గట్టిదన్నమాట. ప్లాస్టరింగ్ మీద కొడితే 18. ప్లాస్టరింగ్ చెక్కించి, కాంక్రీటును రాయితో అరగదీయించి కొడితే 42.

"కొత్త బిల్డింగులకే ఇన్ని రావు సార్!" అన్నాడు అటెండర్, ఆ మార్కులు తనకే వచ్చినట్టు.

రావు మరి. ఏళ్ల తరబడి బొగ్గుపులుసు వాయువు పీల్చిన కాంక్రీటుకు పైపొర గట్టిపడుతుంది. దాన్ని కొడితే ఉన్న బలానికి ఒకటిన్నర రెట్ల దాకా చూపించవచ్చు. ఆ గట్టిపడటంలోనే లోపలి ఇనుప ఊచను కాపాడే క్షారం పోతుంది. ఊచ తుప్పు పట్టి ఉబ్బుతుంది, పెచ్చు రాలుతుంది. చెక్కిన చోట, క్షారం ఉందో లేదో చూపే ఫినాఫ్తలీన్ మందు కొట్టారు. బాగున్న కాంక్రీటైతే గులాబీ రంగుకు తిరగాలి. ఊచ దాకా ఎక్కడా రంగు లేదు.

"మందు పాతదేమో సార్."

"మందు కాదయ్యా, శ్లాబు."

మేడెక్కితే అసలు సంగతి. కారిన ప్రతిసారీ పాత పొర తీయకుండా మీద ఇంకోటి పోశారు. 75 మి.మీ. పొరంటే చదరపు మీటరుకు దాదాపు 150 కిలోలు. అదనంగా రెండున్నాయి, 300. ఆఫీసు గదిలో మనుషులకూ బల్లలకూ కలిపి డిజైన్‌లో వేసుకునేదే 250! ఇంతకీ నీరు నిలవడానికి కారణం వాననీటి గొట్టంలోకి దిగిన రావి వేళ్లు. మొక్కను కొయ్యమంటే ఎవడూ కత్తి పట్టడు, ఎవరో పసుపుదారం కట్టారు. మొదలు కోసినా మళ్లీ చిగురిస్తుంది. వేళ్లు పెరికి, సందును గ్రౌటుతో (పల్చటి సిమెంటు కలుపుతో) నింపాలి.

ఏఈ గారు రాసింది సబబే: ముందు అదనపు పొరలు తవ్వి బరువు దించడం, గొట్టం మార్చడం, కోర్లు (శ్లాబులోంచి తొలిచే గుండ్రటి ముక్కలు) తీసి పరీక్షించడం, ఆ తర్వాతే తేల్చడం. కాకపోతే పొరలు తవ్వే పని ఎస్టిమేట్‌లో "డిస్మాంట్లింగ్" (కూల్చివేత) పద్దు కిందికి వచ్చింది. ఆడిట్ నుంచి ప్రశ్న దిగింది:

"మరమ్మతుకు ప్రతిపాదించిన భవనమును కూల్చుటకు కారణమేమి?"