నిండని గుంతే అసలు చిక్కు

మహారాష్ట్రలోని రాజురా, పాండర్‌కవడా, కిన్వట్ వైపు మన తెలుగువాళ్ల ఊళ్లలో చాలామంది గొప్పగా చెప్పుకునే మాట ఒకటుంది: "మా లెట్రిన్ గుంత ఇరవై ఏళ్లయినా నిండలేదు." నిండలేదంటే అందులో పడ్డదంతా భూమిలోకి దిగిపోతోందన్నమాట. పెరట్లో బోరు దానికి నాలుగు అడుగుల దూరంలోనే ఉంటుంది. ఆ బోరు నీళ్లు తాగడానికి మళ్లీ వంటింట్లో ఆర్‌ఓ మిషన్ కొంటాం.

మిషన్ దండగ అనడం లేదు. యవత్మాల్, చంద్రపూర్ జిల్లాల్లో ఫ్లోరైడ్ బాధ పాతదే. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకపోతే మంచిది, 1.5 దాటితే పనికిరాదని మన ప్రమాణం. ఫ్లోరైడ్ రాతిలోంచి వచ్చేది, మనం చేసిన తప్పు కాదు. మరిగిస్తే పోదు సరికదా, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. అలాంటి చోట ఆర్‌ఓ పెట్టుకోవాల్సిందే. నైట్రేట్ సంగతి వేరు. దాని హద్దు 45 మిల్లీగ్రాములు. అది చాలావరకు మన గుంతలోంచి, పెంటకుప్పలోంచి, పత్తి చేలో చల్లిన యూరియాలోంచి దిగేదే. పసిపిల్లలకు పాలు కలిపే నీళ్లలో అది ఎక్కువైతే ఒంటికి ఆక్సిజన్ అందక బిడ్డ నీలంగా మారే ప్రమాదం ఉంది. మిషన్ మన ఇంటి గ్లాసు వరకే కాపాడుతుంది. పక్కింటివాళ్లు అదే నీళ్లు చేదుకుని అలాగే తాగుతారు.

అసలు సెప్టిక్ ట్యాంక్ అంటే అడుగు, గోడలు నీరు కారకుండా కట్టిన తొట్టి. మడ్డి అడుగున పేరుకుంటుంది, తెట్టు పైన తేలుతుంది, మధ్యలోని నీరు మాత్రమే T ఆకారపు పైపు గుండా ఇంకుడు గుంతకు పోవాలి. మడ్డిని కొంత కరిగించేది అందులోని సూక్ష్మజీవులే. యాసిడ్, ఫినాయిల్ డబ్బాలకొద్దీ పోస్తే అవి చస్తాయి. రెండు మూడేళ్లకోసారి మడ్డి తీయించాలి. అంటే సరిగ్గా కట్టిన ట్యాంకు నిండుతుంది, నిండాలి కూడా. మన దగ్గర కట్టేది ఇది కాదు. సిమెంటు వరలు దించి, అడుగు వదిలేసి, పైన మూత వేసి దాన్నే సెప్టిక్ అంటాం.

నల్లరేగడిలో ఇంకో తిప్పలు. వానాకాలంలో ఆ మట్టి ఉబ్బి నీటిని పీల్చుకోదు, గుంత పొంగుతుంది. అప్పుడు మేస్త్రీ చెప్పే ఉపాయం ఇంకా లోతుకు తవ్వమని. లోతుకు పోయేకొద్దీ భూగర్భజలానికి దగ్గరవుతాం, అంతే. అలాంటి చోట సెప్టిక్ ట్యాంకుకు బదులు, చుట్టూ అడుగు మందాన ఇసుకో కంకరో పోసి, తక్కువ లోతులో రెండు గుంతలు పెట్టుకోవడం మేలు. ఒకటి నిండాక మలాన్ని రెండోదానికి మళ్లిస్తే, మొదటిది రెండేళ్లలో ఎరువవుతుంది. బోరుకు ముప్పై అడుగుల దూరమైనా వదలాలి.

మడ్డి తీయించడమూ మాటలు కాదు. దాన్ని లాగే బండి పిలిస్తే వస్తుంది, ఆ మడ్డిని వాగులో వదిలేస్తే అడిగేవాడు లేడు. రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా మనిషిని లోపలికి దించడం 2013 చట్టం ప్రకారం నేరం. విషవాయువుకు ప్రాణాలు పోతాయి.

ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే జల్ జీవన్ మిషన్ పథకం కింద ఊళ్లకు ఇచ్చే పరీక్ష కిట్లు పంచాయతీలో అడిగి చూడండి. మలం కలిసిన నీరైతే ఆ కిట్‌లోని చిన్న సీసాలో పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే నల్లబడుతుంది. ఆర్‌ఓ మిషన్ కొనేముందు చేయాల్సిన పని ఇది. ఇక మరుగుదొడ్డికి ప్రభుత్వం ఇచ్చే 12,000 రూపాయలకు ఫోటో అడుగుతారు కదా, అందులో గది, తలుపు కనిపిస్తే చాలంటారు. మూత వేయకముందు గుంత ఫోటో, బోరు ఎంత దూరమో చూపే టేపుతో సహా అడగాలి.