వెలుతురు కోసం కాచుకోవాలా, ఎడిటింగ్‌లో చక్కబెట్టుకోవాలా?

కళ్లారా చూసినప్పుడు అద్భుతంగా అనిపించిన పల్లె దృశ్యం ఫోటోలోకి వచ్చేసరికి చప్పబడిపోతుంది. దీనికి మందు వేళ చూసుకుని, ఓపిగ్గా కాచుకుని తీయడంలోనే ఉందంటుంది అక్క. తీశాక ఎడిటింగ్‌లో ఉందంటాడు తమ్ముడు. ఇద్దరికీ ఫోటోల పిచ్చి ఉంది, మొండితనం అంతకన్నా ఎక్కువే ఉంది.

తమ్ముడు: ఫోటో ఏ వేళ తీశావని చూసేవాళ్లు ఎవరడుగుతారక్కా? కెమెరా పట్టిన సమాచారాన్నంతా కుదించకుండా దాచే ‘రా’ (RAW) ఫార్మాట్‌లో తీస్తే చాలు. మామూలు జేపెగ్ ఫోటోలో ఒక్కో రంగుకు వెలుగు నుంచి చీకటి దాకా 256 మెట్లే ఉంటాయి, 14 బిట్ల ‘రా’ ఫైల్‌లో 16,384 ఉంటాయి. నీడలో మునిగిన పొదను పైకి లాగొచ్చు, తెల్లబోతున్న ఆకాశాన్ని దించొచ్చు. తెల్లారకముందే లేచి గట్టు మీద కూర్చోవడం నీ సరదా, అంతే.

అక్క: తెల్లబోతున్నదాన్ని దించుతావు సరే, పూర్తిగా తెల్లబోయినదాన్ని ఏం దించుతావు? అక్కడ సమాచారమే మిగలదు. అది అలా ఉంచు. నీడ ఎటు పడాలో మార్చు చూద్దాం. దున్నిన పొలమే తీసుకో. ఎండ నడినెత్తిన ఉంటే చాళ్లన్నీ అణిగిపోయి, గోధుమరంగు దుప్పటి పరిచినట్టు ఉంటుంది. అదే పొలం మీద సూర్యుడు పక్కకు వాలి, చాళ్లకు అడ్డంగా వెలుతురు పడితే ప్రతి చాలుకూ ఒక వెలుగు అంచు, ఒక నీడ అంచు వస్తాయి. మట్టిపెళ్లలు కూడా విడివిడిగా లేచి కనిపిస్తాయి. కాంట్రాస్ట్ ఎంత పెంచినా, అప్పుడు పడని నీడ తర్వాత పుట్టదురా.

తమ్ముడు: ఆ వాలు ఎండ ఉండేది కాసేపేగా! మధ్యాహ్నానికి గానీ అక్కడికి చేరలేనివాడు కెమెరా మూసుకోవాలా?

అక్క: మూసుకోమని ఎవరన్నారు? ఆకాశంలో విడి మబ్బులుంటే వాటి నీడలు పొలాల మీద కదులుతుంటాయి. నీకు కావలసిన చెట్టు మీద ఎండ, దాని వెనక కొండ మీద నీడ పడేదాకా ఆగు. చెట్టు దానంతటదే ముందుకొస్తుంది. మబ్బు పూర్తిగా కమ్మేస్తే ఆకాశాన్ని వదిలేసి, తడిసిన ఆకుల మీదికీ చెట్ల మొదళ్ల మీదికీ కెమెరా తిప్పు. ఇక లెన్స్ ముందు పెట్టే, మెరుపును తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ ఉంటే ఆకుల మీద తెల్లటి మెరుపు పోయి అసలు పచ్చదనం బయటపడుతుంది. ఆ మెరుపు కింద దాగిన రంగును నీ కంప్యూటర్ ఎక్కడి నుంచి తెస్తుంది?

తమ్ముడు: అదే పోలరైజర్‌ను బాగా వెడల్పాటి వైడ్ లెన్స్‌కు పెట్టి ఆకాశాన్ని తీసి చూడు! సూర్యుడికి 90 డిగ్రీల పక్కనున్న భాగం ముదురు నీలంగా, మిగతాది వెలిసిపోయినట్టుగా వస్తుంది. దాన్ని సరిచేయడానికి మళ్లీ నా దారికే రావాలి.

అక్క: అది ఒప్పుకుంటాను. ఎక్కువ భాగం నేల ఉన్న ఫోటోలకే దాన్ని వాడతాను. అసలు వైడ్ లెన్స్‌తోనే చాలామంది దెబ్బతింటున్నారు. అంతా పట్టేయాలని దాన్ని పెడతారు, తీరా చూస్తే దూరపు కొండలు గీతలా మిగులుతాయి, ముందు సగమంతా ఖాళీ నేల. వైడ్ పెట్టినప్పుడు మోకాలి ఎత్తుకు దిగి, దగ్గరలో ఒక రాయినో, గడ్డి దుబ్బునో, బాట మలుపునో ముందుంచుకోవాలి. కొండే కావాలంటే వెనక్కి నడిచి, దూరాన్ని దగ్గర చేసే 100 నుంచి 200 మిల్లీమీటర్ల లెన్స్‌తో కొంచెమే తీయాలి.

(ఈ విషయంలో నేను అక్క పక్షమే. ఎంత వదిలేశామన్నదే చాలా ఫోటోలను నిలబెడుతుంది.)

తమ్ముడు: సరే, పెద్దవాళ్ల సాక్ష్యం తెస్తాను. ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో అమెరికాలోని న్యూ మెక్సికోలో హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రోదయాన్ని తీశాడు. మొదటి ప్రింట్లలో ఆకాశం అంత నల్లగా లేదు, మబ్బు చారలు కనిపిస్తాయి. 1948లో నెగెటివ్ కింది భాగాన్ని రసాయనంతో మరింత చిక్కబరిచాడు. తర్వాతి ఏళ్లలో ప్రింట్ వేస్తూ వేస్తూ ఆకాశాన్ని దాదాపు నలుపు చేశాడు. ఇది ఎడిటింగ్ కాదా?

అక్క: ఎడిటింగే. మిగతా సగం కూడా చెప్పు మరి. ఆ పల్లెలోని సమాధుల శిలువల మీద ఆఖరి ఎండ ఉంది. వెలుతురు కొలిచే లైట్ మీటర్ ఆడమ్స్‌కు కనబడలేదు. చంద్రుడి వెలుగు చదరపు అడుగుకు 250 క్యాండిల్స్ అని గుర్తుండబట్టి లెక్క కట్టి ఒక్కటి తీశాడు. రెండోది తీసేలోపే ఆ ఎండ పోయింది. ఆ శిలువల వెలుగు డార్క్‌రూమ్‌లో పుట్టింది కాదు.

తమ్ముడు: ఆయనేమైనా అక్కడ కాచుకుని కూర్చున్నాడా? కారులో పోతూ పోతూ చూసి ఆగాడు!

ఈ దెబ్బ గట్టిగానే తగిలింది. అక్క కాసేపు తడుముకుంది.

అక్క: కాచుకోలేదు, నిజమే. కానీ చూసిన క్షణంలో ఆగాడు. చంద్రుణ్ని తర్వాత అతికించుకుందాంలే అనుకుని ముందుకు పోలేదుగా.

తమ్ముడు: అతికించినవాళ్లూ ఉన్నారు. 1850లలో ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే అనే ఫోటోగ్రాఫర్ సముద్రానికి ఒక నెగెటివ్, ఆకాశానికి ఒక నెగెటివ్ వాడి ఒకే ప్రింట్ వేశాడు.

అక్క: అప్పట్లో నెగెటివ్‌గా వాడిన ప్లేట్లు నీలి వెలుగుకు మరీ ఎక్కువగా స్పందించేవి. నేల సరిగ్గా రావాలంటే ఆకాశం తెల్లబోయేది. కంటికి ఒకేసారి కనిపించేదాన్ని ఆ ప్లేటు ఒకేసారి పట్టలేకపోయింది, ఆ లోటు పూడ్చుకున్నాడు. నువ్వు చేసేదేమిటి? యాప్‌లోంచి ఎర్రటి సాయంత్రపు ఆకాశం తెచ్చి పెడతావు. సూర్యుడు ఎడమ వైపు ఉంటాడు, చెట్టు నీడ కూడా ఎడమకే పడుతుంది!

తమ్ముడు: అది చేతకానివాళ్ల పని, నాది కాదు.

అక్క: చేతనైనవాడికీ పోటీకి పంపేటప్పుడు తిప్పలే. 2012లో బ్రిటన్‌లో ‘ల్యాండ్‌స్కేప్ ఫోటోగ్రాఫర్ ఆఫ్ ద ఇయర్’ గెలిచిన ఫోటోను, ఎడిటింగ్ నిబంధనలు దాటిందని అనర్హం చేశారు.

తమ్ముడు: నేను పోటీలకు పంపను. గోడకు తగిలించుకుంటాను. అడ్డొచ్చిన కరెంటు స్తంభాన్ని చెరిపేస్తే ఎవరికి నష్టం?

అక్క: చెరిపే ముందు రెండడుగులు పక్కకు జరుగు. స్తంభం చెట్టు వెనక్కి పోతుంది. పోకపోతే ఉండనివ్వు, బాటతో పాటు సాగే తీగలు చూపును లోపలికి తీసుకెళ్తాయి.

తమ్ముడు: రెండడుగుల పక్కన కాలువ ఉంటే?

అక్క: దిగు.

తమ్ముడు: అయితే నీ కెమెరా ఇవ్వు, దిగుతాను.