తెరుచుకోని ఎయిర్‌బ్యాగుకు జవాబు ఎవరు చెప్పాలి?

కారు ముందు భాగం నుజ్జునుజ్జయినా ఎయిర్‌బ్యాగు తెరుచుకోలేదని అడిగితే కంపెనీల జవాబు ఏళ్ల తరబడి ఒక్కటే: ‘తెరుచుకునేంత దెబ్బ తగల్లేదు, మా సిస్టంలో లోపం లేదు.’ ఆ మాట తేల్చింది ఎవరు? కంపెనీ ఇంజినీరే. దేన్ని చూసి తేల్చాడు? కారులోని కంట్రోల్ యూనిట్‌లో నమోదైన డేటా చూసి. ఆ డేటా చదివే పరికరం ఎవరి దగ్గరుంది? అదీ కంపెనీ దగ్గరే. కారు కొన్నవాడికి మిగిలేది ఆస్పత్రి బిల్లు, చేతిలో ఓ నివేదిక కాగితం. ఆరోపణ ఎవరి మీదో, విచారణా వాళ్లదే కావడం మాకు మింగుడుపడటం లేదు.

కంపెనీలు చెప్పేదంతా అబద్ధమని మేం అనడం లేదు. కంటికి కనిపించే డ్యామేజీని బట్టి ఎయిర్‌బ్యాగు తెరుచుకోదు. కారు వేగం ఎంత హఠాత్తుగా పడిపోయిందో సెన్సర్లు కొలుస్తాయి. గట్టి గోడను గంటకు సుమారు 20-25 కిలోమీటర్ల వేగంతో ఢీకొన్నంత కుదుపు ఉందని కంట్రోల్ యూనిట్ లెక్క తేలిస్తేనే ఇన్‌ఫ్లేటర్‌లో రసాయనం మండి, వాయువు పుట్టి, బ్యాగు నిండుతుంది. ఇదంతా సెకనులో ఇరవయ్యో వంతు కూడా పట్టదు. వెనక నుంచి ఎవరైనా గుద్దితే ముందు బ్యాగులు తెరుచుకోవు. మన హైవేల మీద ఆగి ఉన్న లారీల కిందికి కార్లు దూసుకుపోతుంటాయి. అప్పుడు బంపర్, దాని వెనక ఇనుప భాగాలు పెద్దగా దెబ్బతినకుండానే బానెట్, ముందు అద్దం ఎగిరిపోతాయి. సెన్సర్లకు అందాల్సిన కుదుపు ఆలస్యంగా అందుతుంది, ఒక్కోసారి బ్యాగు తెరుచుకోకనే పోవచ్చు. ఇవన్నీ నిజాలే. కానీ ఫలానా ప్రమాదంలో జరిగింది ఇదేనా, లేక సెన్సరే పనిచేయలేదా అన్నది ఆ సెన్సర్ అమ్మినవాడు తేల్చకూడదు.

2017 నవంబరులో ఢిల్లీ-పానిపట్ హైవే మీద ఓ హ్యుందాయ్ క్రెటా కారు ప్రమాదానికి గురైంది. ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు, యజమాని తలకు, ఛాతీకి, పళ్లకు గాయాలయ్యాయి. హ్యుందాయ్ మీద ఆయన వేసిన కేసు ఢిల్లీ వినియోగదారుల కమిషన్, జాతీయ కమిషన్ దాటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తీర్పు 2022 ఏప్రిల్‌లో వచ్చింది. వేగం, బలం సిద్ధాంతాలతో ఢీకొన్న తీవ్రతను లెక్కగట్టడానికి వినియోగదారుడు భౌతికశాస్త్ర నిపుణుడు కానక్కర్లేదని ధర్మాసనం చెప్పింది. కారు మార్చి ఇవ్వాలన్న ఆదేశాన్నీ సమర్థించింది. మంచి తీర్పే. కానీ నాలుగేళ్లకు పైగా కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక, డబ్బు ఎంతమందికి ఉంటాయి?

కంపెనీ పరీక్షలను కంపెనీ మాట మీదే నమ్మితే ఏమవుతుందో ఎయిర్‌బ్యాగులు తయారుచేసే తకాటా చూపించింది. ఆ జపాన్ సంస్థ ఇన్‌ఫ్లేటర్లలో వాడిన అమ్మోనియం నైట్రేట్ వేడికి, తేమకు ఏళ్ల తరబడి దెబ్బతింటుంది. ఆపైన బ్యాగు తెరుచుకునేటప్పుడు ఇన్‌ఫ్లేటరే పేలి ఇనుప ముక్కలు మనిషి మీదికి దూసుకొస్తాయి. మన కోస్తా లాంటి ఉక్కపోత ప్రాంతాలకే ఆ ప్రమాదం ఎక్కువ. పరీక్షల ఫలితాలను తారుమారు చేశామని అమెరికా కోర్టులో ఆ సంస్థే 2017లో నేరం ఒప్పుకుంది. కార్ల కంపెనీలకు ఏళ్ల పాటు అందింది ఆ దొంగ లెక్కలే.

ప్రమాద సమయంలోని వివరాలను నమోదు చేసే డేటా రికార్డర్‌ను కారులో పెట్టిన కంపెనీలు దాన్ని చదివే పరికరాన్ని మార్కెట్లో దొరికేలా చూడాలని అమెరికా నిబంధన. ఐరోపా సమాఖ్య 2024 జులై నుంచి కొత్త కార్లన్నిటికీ రికార్డర్‌ను తప్పనిసరి చేసింది. ఇక్కడ భారత్ ఎన్‌క్యాప్ అనే భద్రతా పరీక్ష పేరుతో ల్యాబ్‌లో గుద్దించిన కారుకు స్టార్లు ఇచ్చి మురిసిపోతున్నాం, రోడ్డు మీద గుద్దుకున్న కారును మాత్రం కంపెనీ వర్క్‌షాపుకు అప్పగిస్తున్నాం.

యజమానులకూ ఓ మాట. ఎయిర్‌బ్యాగు సీటు బెల్టుకు తోడే కానీ దానికి బదులు కాదు. బెల్టు అలారం నోరు నొక్కే క్లిప్పుల ప్రకటనలను 2023లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ ఆన్‌లైన్‌లో 13 వేలకు పైగా తీయించింది. బంపర్‌కు బుల్ బార్లు (ఇనుప గార్డులు) బిగించుకోవద్దని కేంద్రం 2017లోనే చెప్పింది. సెన్సర్లకు కుదుపు సరిగా అందకుండా అడ్డుపడే వాటిని తగిలించుకుని తిరగడమంటే కంపెనీకి సాకు మన చేతులతో అందించడమే. బిడ్డను ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చోవడం అంతకన్నా ఘోరం. పెద్దవాళ్లను కాపాడటానికి తెరుచుకున్న బ్యాగే పసివాడి ప్రాణం తీస్తుంది.

అయితే యజమాని తప్పు కేంద్ర రవాణా శాఖ తప్పును మాఫీ చేయదు. ప్రమాదానికి గురైన కారు డేటా యజమానికి, పోలీసులకు, బీమా సర్వేయరుకు కంపెనీ ప్రమేయం లేకుండా అందే హక్కు మోటారు వాహన నిబంధనల్లోకి రావాలి. మనిషి చనిపోయినా, తీవ్రంగా గాయపడినా బ్యాగు తెరుచుకోని ప్రతి కేసునూ స్వతంత్ర నిపుణులు పరీక్షించాలి. లోపమున్న వాహనాలను వెనక్కి పిలిపించే అధికారాన్ని 2019 చట్ట సవరణ 110ఎ సెక్షన్ ద్వారా కేంద్రానికే ఇచ్చింది. అంత అధికారం పెట్టుకుని, దోషి ఎవరో చెప్పమని కంపెనీనే అడుగుతూ కూర్చోవడం సిగ్గుచేటు.