అడ్వాన్స్ ఇచ్చేదాకా బాబూ, ఇచ్చాక ఎవరు నువ్వు?

కూకట్‌పల్లిలో ఇల్లు ఖాళీ చేసి నలభై రోజులైంది, రెండు నెలల అడ్వాన్స్ ముప్పై ఆరు వేలు ఇంకా ఓనర్ అంకుల్ దగ్గరే ఉంది. ఒక నెల ముందే చెప్పాను, కరెంటు బిల్లు కట్టాను, ఆఖరికి బాత్రూం కూడా యాసిడ్ పోసి కడిగించాను. అయినా తాళాలు తీసుకున్న రోజు ఆయన టార్చి వేసి మరీ గోడలు చూసి, క్యాలెండర్ మేకు కొట్టిన చోట వేలు పెట్టి "ఇదేంటి బాబూ" అన్నారు. ఆ మేకు నేను దిగేటప్పటికే ఉంది!

పెయింటింగ్‌కి ఒక నెల అద్దె పట్టుకుంటారని తెలుసు, ఊరంతా అదే రివాజు, సరే పట్టుకోండి అన్నాను. మిగతా పద్దెనిమిది వేలు? "కొత్తవాళ్లు అడ్వాన్స్ ఇవ్వగానే వేస్తా." అంటే నా డబ్బు ఎప్పుడో ఖర్చయిపోయిందన్నమాట. కొత్తవాళ్లు దిగి రెండు వారాలైంది, బాల్కనీలో వాళ్ల బట్టలు ఆరేసి ఉండటం నా కళ్లతో నేనే చూశాను.

కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టంలో, ఇల్లు అప్పగించేటప్పుడే బాకీలు మినహాయించి డిపాజిట్ తిరిగివ్వాలని ఉంది. కానీ అది నమూనానే, రాష్ట్రాలు అమలు చేస్తేనే. ఆ మాట అంకుల్‌తో అంటే "మనలో మనకి చట్టాలేంటి బాబూ" అని నవ్వారు. అద్దె మూడు రోజులు లేటైతే మాత్రం పొద్దున్నే ఏడింటికి బెల్ కొట్టేవారు. ఇప్పుడు ఫోన్ ఎత్తరు, వాట్సాప్‌లో నీలం టిక్కులు పడతాయి, గుడ్ మార్నింగ్ పూల ఫొటో మాత్రం రోజూ వస్తుంది.